అత్తగారి పరీక్షలో నెగ్గిన రికార్డరు

సౌండక్క తనకి జరిగిన అన్యాయం గురించి ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేది. నాకు నవ్వు రాదు. అందుకని ఆ ముక్క నేనే చెబుతాను.

నేను ఆమెను కలవడానికి ఆరేళ్ల ముందు ఒక డైరెక్టరు ముసలి దంపతుల మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ ఇద్దరూ యాభై ఏళ్లు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని గడియారాలు బాగుచేశారు. మర్నాడు కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు కాబట్టి షూటింగుకి ఉన్నది ఒక్కటే రోజు. సౌండ్ రికార్డు చేసే పని సౌండక్కది. పొద్దున్నే డైరెక్టరు కొత్త రికార్డరు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పాతది సంచిలో దాచెయ్యమన్నాడు.

"ఒక్క అరగంట ఇవ్వండి సార్, దీని సంగతేంటో చూసుకుంటాను" అందామె.

"ఓసారి నొక్కితే మొదలవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. ఇదేమన్నా విమానమా?" అన్నాడాయన.

విమానం కాదు గానీ, ఆయన చెప్పినట్టు పనిచేసే మిషను కూడా కాదు. మొదటిసారి నొక్కితే అది సిద్ధంగా మాత్రమే నిలబడుతుంది. చెవుల్లో మాటలు వినిపిస్తుంటాయి, తెర మీద గీతలు ఎగురుతుంటాయి, ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటుంది. లోపలికి మాత్రం ఒక్క ముక్క ఎక్కదు. రెండోసారి నొక్కితేనే రికార్డవడం మొదలవుతుంది. ఇంకోసారి నొక్కితే మళ్లీ ఉత్తినే సిద్ధంగా నిలబడుతుంది. ఆ ఒక్క నొక్కుడు తేడాతో రోజంతా తిరగబడింది. డైరెక్టరు "యాక్షన్" అన్నప్పుడల్లా మిషను నిద్రపోయింది, "కట్" అన్నప్పుడల్లా లేచి కూర్చుంది. సాయంత్రం చూసుకుంటే ముసలాయన కెమెరా ముందు చెప్పిన మాట ఒక్కటీ లేదు. మధ్యమధ్య మాట్లాడుకున్నవి మాత్రం పొల్లుపోకుండా ఉన్నాయి.

ఆ డైరెక్టరు యూనిట్టంతా చూస్తుండగా ఆమెను నానామాటలూ అన్నాడు. "బటన్ నొక్కడం రానిదాన్ని పెట్టుకోవడం నాదే తప్పు" అని ఆ మాటను ఊరంతా మోశాడు. కానీ సినిమా బయటికి వచ్చాక చూస్తే, జనం పడీపడీ నవ్విన చోట, ఆనక కళ్లు తుడుచుకున్న చోట వినిపించినవి ఆ మధ్య మాటలే.

"ఏమండీ, కాలరు లోపలికి మడతపడింది. అరగంట నుంచీ అలాగే ఉన్నారు."

"అరగంట నుంచీ చూస్తూ ఊరుకున్నావా?"

"యాభై ఏళ్ల నుంచీ చూస్తున్నాను. ఇవాళ కొత్తేముంది?"

సినిమాకి అవార్డు వచ్చింది. 'సౌండ్' అని పడ్డ చోట డైరెక్టరు బావమరిది పేరు పడింది. షూటింగు రోజున ఆ బావమరిది అక్కడ లేడు కూడా.

ఇదంతా నాకు తెలిసేనాటికి నేను మైకులూ వైర్లూ స్పీకర్లూ అమ్మే షాపులో కౌంటరు వెనక నిలబడి నాలుగేళ్లయింది. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి కావలసింది సామాను కాదు, పక్కవాడి దగ్గరున్న దానికన్నా పెద్దది. ఓనరు అది కనిపెట్టి ప్రతి డబ్బా మీదా చెయ్యేసి "గ్యారంటీ!" అనేవాడు. కంపెనీ గ్యారంటీ లేనివాటికి ఇంకా గట్టిగా అనేవాడు. మేమంతా ఆయన్ని గ్యారంటీ గారు అనే పిలుచుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంది. రబ్బరు చెప్పులు వేసుకుని ఎంత మెత్తగా నడిచిందంటే, ఎదురుగా వచ్చి నిలబడేదాకా నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. భుజాన సంచి ఉంది. అందులోంచి తాళంచెవుల గుత్తి తీసి పక్కన పెట్టింది. ఒక్కో తాళంచెవికీ చిన్న గుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది.

"తమ్ముడూ, ముందా ఫ్యాను ఆపు."

"చలేస్తోందా అండీ?"

"చలి కాదు, అది లొడలొడమంటుంటే నీ మాట నాకు వినపడదు. నువ్వసలే గొణిగే రకంలా ఉన్నావు."

ఫ్యాను ఆపాను. మైకు నుంచి వచ్చే శబ్దాన్ని కార్డు మీదకి ఎక్కించే మిషను, బయట తిరిగి పనిచేసుకోవడానికి భుజాన వేసుకునేది, కావాలంది. నేను గాజు బీరువా తెరిచి "ఇందులో అన్నిటికన్నా మంచిది..." అని మొదలుపెట్టాను.

"మంచిది వద్దు నాయనా. నమ్మదగ్గది చూపించు. రెండూ ఒకటి కాదు."

అప్పటికి నాలుగేళ్లుగా ఆ షాపులో నేను విన్న మొదటి తెలివైన మాట అది.

అవసరం ఏమిటో కూడా దాచుకోకుండా చెప్పింది. ఆరేళ్లుగా ఆమెకి ఎవరూ రికార్డరు అప్పగించలేదు. తన వయసులో సగం కూడా లేని కుర్రాళ్ల కింద మైకు కర్ర పట్టుకుని నిలబడుతూ వచ్చింది. ఇప్పుడు ఒక కొత్త డైరెక్టరు, చదువు ముగించి రెండేళ్లు కూడా కాని అమ్మాయి, పిలిచి సౌండంతా నీదేనంది. గంటలు పోతపోసే కార్ఖానా మీద సినిమా అది. ఒక బడికి పెద్ద గంట పోస్తున్నారు. పోత చల్లారాక మొదటి దెబ్బ కొడతారు. అది సినిమాకి ప్రాణం. సౌండక్క పాత రికార్డరు ఏడాది కిందటే చచ్చిపోయింది. పన్నెండు రోజుల్లో షూటింగు.

"ఈసారి కూడా తప్పితే ఇక నన్నెవరూ పిలవరు తమ్ముడూ. కర్ర పట్టుకోవడానికి కూడా పిలవరు" అంది, ఎవరిదో పెళ్లికబురు చెబుతున్నంత తేలిగ్గా.

నేను మూడు తీసి ముందు పెట్టాను. ఒకటి నల్లది: అరచెయ్యంత తెర, వేలితో తాకితే చాలు, షాపులో అన్నిటికన్నా ఖరీదు. రెండోది బూడిదరంగుది: చిన్నది, తేలికది, రోజుకి రెండైనా అమ్ముడుపోతాయి. మూడోదాన్ని తియ్యడానికి నాకే కొంచెం మొహమాటం వేసింది. వెనక వరసలో రెండేళ్లుగా పడున్న లావుపాటి మిషను. ఒక మూల గీసుకుపోయింది. పెద్దపెద్ద తిప్పుడు మీటలు. కంపెనీ వాళ్లు దాన్ని తయారు చెయ్యడం కూడా మానేశారు.

గ్యారంటీ గారు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో, వచ్చి నల్లదాని మీద చెయ్యేశాడు. "ఇదమ్మా మీకు. గ్యారంటీ!"

"మూడూ ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటానండీ" అంది సౌండక్క.

"ఇంటికా? అవేమన్నా చీరలా అమ్మా, కట్టుకుని చూసుకోవడానికి?"

"కట్టుకుని చూసుకోకపోయినా చీర మోసం చెయ్యదండీ."

గ్యారంటీ గారు తల గోక్కున్నాడు. చివరికి మిషన్లతో పాటు కాపలాగా నన్ను పంపించాడు. నేను ఆమె ఇంటికి వెళ్లింది అలా.

కింద పరుపుల కొట్టు, పైన ఇల్లు. ఆమె భర్త పరుపులు కుడతాడు. భారీ మనిషి, మీసాల్లో దూది పోగులు. నేను అడుగుపెట్టగానే "బావా అని పిలువు, ఇంకేం పిలిచినా పలకను" అన్నాడు. దారిలో నేను అడిగితే సౌండక్క గడియారాల సినిమా సంగతి సగం చెప్పింది. మిగతా సగం, బావమరిది పేరుతో సహా, ఆయన పళ్లు కొరుకుతూ చెప్పాడు. చెబుతుంటే ఆమె "మళ్లీ మొదలెట్టారా, కుట్టు తప్పుతుంది చూసుకోండి" అంది.

కొట్టు వెనక గదిలో పరుపులు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. రెండు దొంతరల మధ్య ఒక మనిషి పట్టే సందు. ఇద్దరం ఇరుక్కుని నిలబడ్డాం. అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు ఎరగను. వీధిలో బస్సు పోతోందని నేల అదురును బట్టి తెలిసింది తప్ప చెవికి తెలియలేదు.

"చూశావా, నేను పెళ్లి చేసుకున్నది ఈ గదిని. మీ బావ దీంతో పాటు వచ్చాడు."

"వింటున్నానే!" అని బయటి నుంచి కేక.

"వినపడనీ!"

బూడిదరంగుదానికి మైకు తగిలించి, శబ్దం అందుకునే మీటను చివరిదాకా తిప్పి, హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది. సుయ్‌మని ఒకటే హోరు.

"వాన పడుతోందా?" అంది.

"పడుతోందక్కా."

"బయట ఎండ మండిపోతోంది. ఆ వాన దీని కడుపులో ఉన్నది. ఎక్కడికి తీసుకెళ్లినా వెంట తెస్తుంది."

లావుపాటిదానిలో వాన లేదు, దూరంగా ఎక్కడో పలచని గాలి ఉంది. నల్లదానిలో అది కూడా లేదు. "ఇది చాలా మర్యాదగలది" అని ఆమే ఒప్పుకుంది. నేను లోలోపల చంకలు గుద్దుకున్నాను. ఎంత తిట్టుకున్నా నాది అమ్మేవాడి బుద్ధే.

రెండో పరీక్షకి బావను పిలిచింది. ఆయన పని ఏమిటంటే గుమ్మంలో నిలబడి పరుపుల కొలతలు వరసగా చదవడం. "ఆరు బై మూడు, ఆరు బై నాలుగు, ఆరు బై అయిదు..." నల్లది రికార్డు చేస్తూ ఉంది. సౌండక్క దాన్ని తిరగేసి, మూత తీసి, బ్యాటరీ మీద వేలు పెట్టింది.

"అక్కా! వద్దక్కా! అది షాపుది!"

లాగేసింది. తెర ఆరిపోయింది. బ్యాటరీ మళ్లీ పెట్టి వెతికితే కార్డులో ఫైలు పేరు ఉంది, లోపల ఏమీ లేదు. బావ చదివిన కొలతల్లో ఒక్కటీ మిగల్లేదు.

"చూశావా, కళ్లు మూసిన మరుక్షణం అన్నీ మర్చిపోయింది. మర్యాద ఉంది గానీ మతిమరుపు."

బూడిదరంగుదీ అంతే. లావుపాటిది మాత్రం బ్యాటరీ లాగేశాక కూడా బావ గొంతును దాచుకుంది. "ఆరు బై మూడు, ఆరు బై నాలుగు, ఆరు బై..." అక్కడ ఆగింది. అయిదు ఒక్కటే పోయింది.

"నా అయిదు ఏదీ?" అన్నాడు బావ, నిజంగానే నష్టపోయినట్టు.

లావుపాటిదాన్ని సౌండక్క అప్పుడు రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది. పక్కన ఒక వైరు పెట్టే కంత కనిపించింది. గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటూనే లోపల బ్యాటరీ కూడా పెట్టుకోవచ్చు; మిగతా రెండిట్లో ఏదో ఒకటే. వైరు ఊడితే బ్యాటరీ అందుకుంటుంది. ఏడుసార్లు వైరు పీకింది, ఏడుసార్లూ అందుకుంది.

"ఇన్నిసార్లెందుకక్కా?"

"నేను ఆపను తమ్ముడూ. గడియారాల సినిమా నాడే ఇక ఆపకూడదని ఒట్టేసుకున్నాను. సంచి విప్పినప్పుడు నొక్కుతాను, సంచి కట్టేటప్పుడు ఆపుతాను. యాక్షన్, కట్ అన్నవి కెమెరా వాళ్లకి. ఈ ఆరేళ్లలో కర్ర పట్టుకుని ప్రతి రికార్డిస్టుకీ చెప్పాను, ఆపొద్దయ్యా అని. ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇప్పుడు మిషను నా చేతికి వచ్చింది. దానికి రోజంతా మెలకువగా ఉండడం రావాలి."

మూడో పరీక్ష పైన ఇంట్లో. పరీక్ష పెట్టేది ఆమె అత్తగారు. డెబ్బై ఎనిమిదేళ్లు, చదువు రాదు, చెవులు సగానికి సగం పోయాయి, కళ్లు మాత్రం డేగ కళ్లు. కిటికీ పక్క మంచం మీద కూర్చుని మనుమరాలి లంగా అంచు కుడుతోంది. సౌండక్క గది అవతలి చివర స్టూలు మీద బూడిదరంగుదాన్ని పెట్టి, ఒకసారి నొక్కి, పెద్దగా అరిచింది.

"అత్తయ్యా! ఇది పని చేస్తోందా, పడుకుందా?"

ముసలావిడ సూది ఆపి చూసింది. ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది.

"కన్ను కొడుతోందిగా. పని చేస్తోంది."

"లేదత్తయ్యా. ఇది కన్ను కొట్టినప్పుడు పని చెయ్యదు."

"అయితే కన్ను కొట్టడం దేనికి, పనీపాటా లేని వెధవలాగా!"

బావా నేనూ ఘొల్లుమన్నాం. సౌండక్క నవ్వుతూనే స్టూలు దగ్గరికి వెళ్లి ఆ మిషను మీద చెయ్యేసింది.

"నేనూ అలాగే అనుకున్నానత్తయ్యా ఆరోజు" అంది. అత్తగారికి వినపడలేదు. నాకు వినపడింది. రోజుకి రెండేసి చొప్పున నేను నవ్వుతూ అమ్మేది ఆ రకం మిషన్లేనని అప్పుడు తెలిసింది.

నల్లదాన్ని చూసి ముసలావిడ "ఇన్ని రంగులేంటే? ముందు ఎటు చూడాలో చెప్పండి" అని పెదవి విరిచింది. లావుపాటిదాని మీట చుట్టూ రూపాయి బిళ్లంత ఎర్రటి వలయం ఉంది. ఒకసారి నొక్కితే అది వెలుగుతుంది, వెలిగిందంటే రికార్డవుతున్నట్టు. ఆపితే ఆరుతుంది. మధ్యలో కన్ను కొట్టడాలు లేవు. ముసలావిడని ఆరుసార్లు అడిగితే ఆరుసార్లూ సరిగ్గా చెప్పింది. ఏడోసారి విసుక్కుని "ఇటివ్వండి, నేనే ఆపుతా" అని ఒళ్లో పెట్టుకుని నొక్కింది. ఆగలేదు. మళ్లీ నొక్కింది. ఆగలేదు. అది ఆగాలంటే నొక్కిపట్టి మూడు అంకెలు లెక్కపెట్టాలి, చెయ్యి తగిలో గుడ్డ తగిలో ఆగిపోకుండా.

"ఇదేంటే, ఎంత నొక్కినా నోరు మూయదు! అచ్చం మీ మావయ్యలాగే ఉంది."

"ఇక చాలు తమ్ముడూ. ఇదే" అంది సౌండక్క.

"దీనికి రెండు మైకులే తగులుతాయక్కా. నల్లదానికి ఎనిమిది."

"నాకున్నవీ రెండు చెవులే."

ఈలోగా ముసలావిడ హెడ్‌ఫోన్లు తీసి తనే చెవులకి తగిలించుకుంది. మీట ఇంకా చివరిదాకా తిప్పే ఉంది. మైకు బావ వైపు తిరిగి ఉంది. ఆయన అదే పనిగా దూది పోగులు తీసుకుంటూ ఏదో గొణుక్కుంటున్నాడు. ముసలావిడ మొహం ఒక్కసారి దీపం పెట్టినట్టయింది.

"ఒరేయ్, నీకు జలుబు చేసిందిరా!"

"నాలుగు రోజుల నుంచీ చెబుతున్నానమ్మా!"

"నువ్వు చెబితే వినపడిందా నాకు? అదుగో, ముక్కు చీదకు, చెవులు పగిలిపోతున్నాయి. ఏదీ, ఏదన్నా మాట్లాడు. నీ గొంతు ఇంత బొంగురుపోయిందేంట్రా, ఎప్పుడు ముసలాడివైపోయావు?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఆరు బై మూడు" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. ఆయన ఆరు బై నాలుగు అన్నాడు. ఇంకా నవ్వింది. అలా ఆయన గొంతు పోయేదాకా కొలతలు చదివించుకుంది. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవుల నుంచి తియ్యడానికి ముగ్గురం బతిమాలాల్సి వచ్చింది. చీకటి పడకముందే షాపుకి తిరిగి రమ్మని చెప్పి పంపాడు గ్యారంటీ గారు. వచ్చేసరికి షట్టరు సగం దించేశాడు. లావుపాటిది అమ్ముడుపోయిందని చెబితే నమ్మలేదు. "ఏదీ, ఆ దిబ్బరొట్టె మిషనా? నువ్వేం చెప్పి అంటగట్టావురా?" అని మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు.

పన్నెండు రోజులు నాకు ఆ కార్ఖానా సంగతే బుర్రలో తిరిగింది. నేను ఇచ్చిన మిషను. మూల గీసుకుపోయింది, కంపెనీ వదిలేసింది. ఏమన్నా అయితే ఆమెకి ఇక పని లేదు. పదమూడో రోజు మధ్యాహ్నం రబ్బరు చెప్పులు వినపడకుండా వచ్చి, తనే ఫ్యాను స్విచ్చి ఆపేసి, రికార్డరు కౌంటరు మీద పెట్టి, హెడ్‌ఫోన్లు నా నెత్తిన పెట్టింది.

"కళ్లు మూసుకుని విను. మధ్యలో నేను చెబుతాను."

ముందు ఆ కార్ఖానా పద్ధతి ఒకటి చెప్పింది. పోత చల్లారాక గంట మీద మొదటి దెబ్బ కొట్టేది అచ్చు చేసిన మేస్త్రి ఒక్కడే. ఎప్పుడు కొట్టాలో గడియారం చూసి నిర్ణయించరు. ఆయన అరచెయ్యి ఆనించి చూసుకుంటాడు, ఆ చెయ్యి సరే అన్నప్పుడు కొడతాడు. కొట్టమని ఎవరూ అడగకూడదు. లోపల ఎక్కడన్నా పగులుంటే ఆ మొదటి మోతలోనే తెలిసిపోతుంది. తెలిస్తే గంటను పగలగొట్టి మళ్లీ కరిగించడమే, పందొమ్మిది రోజుల పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ సంగతి డైరెక్టరమ్మాయికి ముందురోజే చెప్పిందట. ఆ అమ్మాయి పాపం పదకొండింటికి అని కాగితం మీద రాసేసుకుంది.

కళ్లు మూసుకున్నాను. పెద్ద రేకుల షెడ్డు, ఎక్కడో కొలిమి బుసలు. "యాక్షన్!" అంది ఆడపిల్ల గొంతు. ఎవరో దగ్గారు. ఏమీ లేదు. "కట్. మేస్త్రి గారూ, ఇక కొట్టండి."

"ఇంకా వెచ్చగా ఉందమ్మా."

నాలుగుసార్లు యాక్షన్, నాలుగుసార్లు కట్. అయిదోసారికి ఆ పిల్ల విసిగిపోయింది. "సరే, అందరూ భోజనాలు చేసి రండి." అడుగులు, కుర్చీలు, క్యారేజీల మూతలు. కెమెరా ఆపేశారు. నా చెవుల్లో షెడ్డు మాత్రం అలాగే ఉంది.

తర్వాత దగ్గరగా ఒక కుర్రగొంతు: "ఒరేయ్, ఈ ప్లగ్గు ఎవరిది?"

"ఎవరిదో లే, పీకెయ్. నా ఫోను చచ్చి గంటయింది."

టక్ మని చిన్న చప్పుడు. నేను కళ్లు తెరిచాను. సౌండక్క కౌంటరు మీద మోచేతులు ఆనించి నవ్వుతోంది. "అదీ. పీకింది నా వైరే. నల్లదైతే అక్కడే ప్రాణం వదిలేది, పొద్దుటి నుంచీ ఉన్నదంతా పట్టుకుని మరీ. మూసుకో, మూసుకో కళ్లు."

ఏమీ ఆగలేదు. కొలిమి బుసకొడుతూనే ఉంది.

"అన్నయ్యా, అన్నం చల్లారిపోతోంది" అని ఒక ముసలి గొంతు.

"ఉండరా." కంచు మీద అరచెయ్యి తట్టిన మెత్తటి శబ్దం. మళ్లీ తట్టాడు. తర్వాత మేస్త్రి గొంతు, చాలా చిన్నగా, మనిషితో మాట్లాడుతున్నట్టు: "ఇంతమంది నోరెళ్లబెట్టుకుని చూస్తుంటే నువ్వేం పలుకుతావే. ఇప్పుడు పలుకు."

గంట మోగింది.

నేను ఆ మోత ఎలా ఉందో రాయలేను. రాయగలనని మూడు కాగితాలు పాడుచేశాను. ముందు స్టీలు చెంచాలన్నీ ఆగిపోయాయి. ఎవరిదో మూత కింద పడి గిరగిరా తిరిగి తిరిగి పడుకుంది, అయినా గంట మోగుతూనే ఉంది. కొలిమి దగ్గరివాడు కొలిమి ఆపేశాడు, అయినా మోగుతూనే ఉంది. అది పూర్తిగా పోయాక తమ్ముడి గొంతు, సగం ఏడుపుతో: "పగల్లేదన్నయ్యా. పగల్లేదు." ఆ తర్వాత యాభై మంది ఒకేసారి నవ్వినట్టు, అరిచినట్టు, ఎవరో ఎవర్నో ఎత్తుకుని తిప్పినట్టు. దాని మధ్యలో పరిగెత్తుకొస్తున్న అడుగులు.

"కెమెరా! కెమెరా ఆన్‌లో ఉందా?"

ఎవరో క్యారేజీ కింద పెట్టిన చప్పుడు.

"సౌండ్? అక్కా, సౌండ్?"

అప్పుడు మైకుకి బాగా దగ్గరగా, నోట్లో ముద్దతో, సౌండక్క గొంతు వినిపించింది. ఒకే మాట.

"నడుస్తోంది."

హెడ్‌ఫోన్లు తీశాను. గ్యారంటీ గారు ఏమిటేమిటని వచ్చి తనూ పెట్టుకుని విన్నాడు. మోత అయిపోయాక ఆయన మిషను మీద చెయ్యెయ్యబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. 'గ్యారంటీ' అనలేదు.

బొమ్మ లేదని డైరెక్టరమ్మాయి ఒక రాత్రంతా ఏడ్చిందట. తెల్లారి లేచి, ఆ చోట తెర నల్లగా వదిలేస్తానంది. సినిమా వేసినరోజు నేను వెళ్లాను. తెర నల్లబడింది, చెంచాలు ఆగాయి, గంట మోగింది. మా ముందు వరసలో ఒక పసివాడు చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. బావ నా పక్కన కూర్చుని మీసాలు తుడుచుకున్నాడు. అత్తగారు సౌండక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒళ్లో లావుపాటి మిషను పెట్టుకుని కూర్చుంది, ఆ ఎర్ర వలయం వెలుగుతూనే ఉంది. చివర్లో 'సౌండ్' అన్న చోట ఒక ఆడమనిషి పేరు పడింది. అంతకాలం పరిచయం ఉన్నా ఆమె అసలు పేరు నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే నేను షాపు మానేశాను. మానేసే వారంలో ఆ గడియారాల సినిమా డైరెక్టరు షాపుకి వచ్చాడు. నాకు ఆయన మొహం పత్రికల్లో చూసి తెలుసు. కొత్త సినిమా తీస్తున్నాడు. "సౌండ్‌కి ఒక మనిషి దేనికి, నేనే నొక్కుకుంటాను" అని, తేలిగ్గా ఉందని బూడిదరంగుదాన్ని ఏరుకుని, మర్నాడు పట్టుకెళ్తానని చెప్పి పోయాడు. ఆ సాయంత్రమే సౌండక్క బ్యాటరీల కోసం వచ్చింది. పట్టలేని సంతోషంతో ఆమెకి విషయం చెప్పాను. మొదటిసారి నొక్కితే అది రికార్డు చెయ్యదని ఆయనకి చచ్చినా చెప్పనన్నాను. ఆరేళ్లకి దొరికాడన్నాను. ఆయన అరుపులు వినడానికి అక్కడ ఉండాలని ఉందన్నాను.

ఆమె గుడ్డ చుట్టిన తాళంచెవులు సంచిలో వేసుకుంటూ అంతా విన్నది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. నేను ఆమెను చూడడం అదే ఆఖరు.

"చెప్పు తమ్ముడూ, మర్చిపోకుండా చెప్పు. నువ్వు చెప్పకపోతే మధ్య మాటలన్నీ రికార్డయిపోతాయి, మళ్లీ అవార్డు అతనికే వస్తుంది."